బుల్లెట్ ఇంజను టాపెట్ శబ్దం

పాత బుల్లెట్ మోటారు సైకిలు ఇంజను నడుస్తున్నపుడు సిలిండరు వైపు నుండి క్రమబద్ధంగా వినిపించే "టిక్ టిక్" అనే చప్పుడును టాపెట్ శబ్దం అంటారు. దీనిని పోగొట్టడానికి ఇంజనును విప్పి, అరిగిన భాగాలను బాగుచేసి లేదా మార్చి, తిరిగి కూర్చడం ఇంజను పునర్నిర్మాణం. మెకానిక్ షెడ్లలో దీనినే "ఇంజను పని" అని వ్యవహరిస్తారు. అయితే టిక్ మన్న ప్రతి శబ్దానికీ ఇంజను విప్పవలసిన అవసరం లేదు. శబ్దం ఎక్కడిదో తెలుసుకోకుండా టాపెట్లను బిగిస్తే చప్పుడు తగ్గవచ్చును గాని వాల్వు కాలిపోయే ప్రమాదం ఉంది.

నేపథ్యం

ఇంగ్లండులోని రెడిచ్ పట్టణంలో పుట్టిన రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ, మద్రాస్ మోటార్స్‌తో కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియాను ఏర్పాటు చేసింది. చెన్నై ఉత్తర భాగాన ఉన్న తిరువొత్తియూరు కర్మాగారంలో బుల్లెట్ తయారీ సాగింది. 1994లో ఈ సంస్థ ఐషర్ సంస్థలో విలీనమైంది. పోత ఇనుప సిలిండరు కలిగిన పాత తరహా ఇంజను స్వల్ప మార్పులతో 2010 వరకు కొనసాగింది.

తిరుపతి జిల్లాలోని నాయుడుపేట చెన్నైకి ఉత్తరాన సుమారు 110 కిలోమీటర్ల దూరంలో, చెన్నై - కోల్‌కతా జాతీయ రహదారిపై, స్వర్ణముఖి నది ఒడ్డున ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగే వరకు ఇది నెల్లూరు జిల్లాలో భాగం. ఈ ప్రాంతంలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. గాలితో చల్లబడే బుల్లెట్ వంటి ఇంజన్లలో అటువంటి ఎండకు నూనె పలుచబడి, భాగాల మధ్య చప్పుడు మరింత స్పష్టంగా వినిపిస్తుంది.

నిర్మాణం

350 బుల్లెట్ పాత ఇంజను ఒకే సిలిండరు గల నాలుగు స్ట్రోకుల ఇంజను. సిలిండరు బోరు, అనగా లోపలి వ్యాసం, 70 మి.మీ. పిస్టను ప్రయాణించే దూరం, అనగా స్ట్రోకు, 90 మి.మీ. వృత్త వైశాల్యాన్ని స్ట్రోకుతో గుణిస్తే ఇంజను ఘనపరిమాణం 346 ఘన సెంటీమీటర్లు వస్తుంది.

క్రాంకు షాఫ్టు రెండు సార్లు తిరిగితే కామ్ ఒకసారి తిరుగుతుంది. కామ్ తన పైనున్న టాపెట్‌ను ఎత్తుతుంది. టాపెట్ పుష్‌రాడ్‌ను, పుష్‌రాడ్ రాకరును కదిలిస్తాయి. రాకరు రెండవ చివర వాల్వును నొక్కి తెరుస్తుంది. ఈ వరుసలో ఎక్కడ అదనపు సందు ఏర్పడినా ఒక భాగం మరొక దానిని తట్టి చప్పుడు చేస్తుంది. ఇంజను నిమిషానికి 1000 సార్లు తిరుగుతుంటే ఒక వాల్వు 500 సార్లు మాత్రమే తెరుచుకుంటుంది. కాబట్టి వాల్వుల వైపు శబ్దం ఇంజను వేగంలో సగం వేగంతో వినిపిస్తుంది.

శబ్దాన్ని గుర్తించుట

పొడవైన స్క్రూడ్రైవరు కొనను ఇంజనుపై ఒక్కొక్క చోట ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకొని వింటే శబ్దం పుట్టే చోటు తెలుస్తుంది. కదిలే భాగాలకు బట్టలు, చేతులు తగలకుండా చూసుకోవాలి.

* సగం వేగంతో పలుచని టిక్ శబ్దం: టాపెట్ సందు ఎక్కువ కావడం, రాకరు బుష్ లేదా టాపెట్ అడుగు అరగడం.
* ఇంజను చల్లగా ఉన్నపుడు వినిపించి, వేడెక్కిన తరువాత తగ్గే చప్పుడు: పిస్టనుకు, బోరుకు మధ్య సందు పెరగడం.
* బరువు లాగేటపుడు లోతుగా వినిపించే మోత: కనెక్టింగ్ రాడ్ కింది చివర బుష్ అరగడం. ఈ శబ్దం వస్తే బండిని నడపరాదు.
* టిక్ శబ్దంతో పాటు సైలెన్సరు గొట్టం మొదట్లో నల్లని మసి: పొగ లీకు కావడం. దీనికి ఇంజను విప్పనక్కర లేదు.

స్పార్కు ప్లగ్గు విప్పి, కంప్రెషన్ గేజితో ఒత్తిడి చూసి, ఆ రంధ్రంలో కొద్దిగా ఇంజను నూనె పోసి మళ్ళీ చూడాలి. రెండవసారి ఒత్తిడి పెరిగితే పిస్టను రింగులు అరిగినట్లు, పెరగకపోతే వాల్వులు సరిగా మూసుకోవడం లేదని భావించవచ్చు.

టాపెట్ సర్దుబాటు

ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నపుడే ఈ పని చేయాలి. సిలిండరు కుడివైపు అడుగున ఉన్న టాపెట్ మూత విప్పితే రెండు పుష్‌రాడ్‌ల అడుగు భాగాలు కనిపిస్తాయి. ప్లగ్గు తీసి, టాప్ గేరులో వెనుక చక్రాన్ని తిప్పుతూ, ఇన్‌లెట్ పుష్‌రాడ్ పైకి లేచి కిందికి దిగిన తరువాత పిస్టను పై కొసకు వచ్చేటట్లు చేయాలి. ఆ స్థితిలో రెండు వాల్వులూ మూసి ఉంటాయి. లాక్‌నట్టును వదులు చేసి, పుష్‌రాడ్ వేళ్ళతో సులభంగా గుండ్రంగా తిరిగేటట్లు, కాని పైకీ కిందికీ కదలకుండా ఉండేటట్లు సర్ది, లాక్‌నట్టును బిగించాలి. బిగించిన తరువాత మరొకసారి తిప్పి చూడాలి.

పుష్‌రాడ్ తిరగకుండా బిగుసుకుంటే వాల్వు తన పీటపై పూర్తిగా కూర్చోదు. వాల్వు తన వేడిలో ఎక్కువ భాగాన్ని ఆ పీట ద్వారానే వదులుకుంటుంది. పీటకు ఆనకపోతే మండుతున్న వాయువు సందులోనుండి దూసుకుపోయి ఎగ్జాస్టు వాల్వు అంచును కాల్చివేస్తుంది. అందువలన స్వల్పమైన టిక్ శబ్దం ఉన్న ఇంజను, పూర్తి నిశ్శబ్దంగా బిగించిన ఇంజను కన్నా క్షేమం.

ఇంజను విప్పుట

సర్దుబాటుతో శబ్దం పోకపోతే విప్పవలసి ఉంటుంది. పెట్రోలు ట్యాంకు, కార్బురేటరు, సైలెన్సరు గొట్టం, రాకర్ల నూనె గొట్టాలు తీసిన తరువాత రాకర్లు, పుష్‌రాడ్‌లు, హెడ్డు, సిలిండరు వరుసగా తీయాలి. ఏ పుష్‌రాడ్ ఏ వాల్వుదో గుర్తు పెట్టి విడివిడిగా ఉంచాలి. సిలిండరు ఎత్తిన వెంటనే క్రాంకు కేసు నోటిని శుభ్రమైన గుడ్డతో మూయాలి. అందులో పడిన చిన్న సర్‌క్లిప్ కూడా ఇంజను మొత్తాన్ని విప్పవలసిన పరిస్థితి తెస్తుంది.

ఇంట్లో చేయదగిన పనులు: మసి గీకడం, గ్రైండింగ్ పేస్టుతో వాల్వులు నూరడం, రింగుల సందు కొలవడం, గ్యాస్కెట్లు మార్చడం. నూరిన వాల్వులను బిగించి, హెడ్డును తలక్రిందులుగా పెట్టి, గుంటలో కిరసనాయిలు పోస్తే పోర్టులోకి కారకూడదు. రింగును బోరులో సమంగా దించి ఫీలర్ గేజితో సందు కొలవాలి. 100 మి.మీ. బోరుకు సుమారు 0.4 మి.మీ. చొప్పున 70 మి.మీ. బోరుకు 0.28 మి.మీ. సందు ఉండాలన్నది సాధారణ లెక్క.

లేత్ షాపుకు పంపవలసిన పనులు: బోరు కొట్టించడం, రాకరు బుష్‌లు వేయించడం, క్రాంకు విప్పి సరిచేయించడం. బోరును పైన, మధ్య, కింద, రెండు దిశలలో కొలుస్తారు. సాధారణంగా రింగులు చేరే పై కొస దగ్గర అరుగుదల ఎక్కువ. కొత్త పిస్టను ముందుగా కొని, దాని కొలతకు తగినట్లు బోరు చేయించాలి. బోరును 0.5 మి.మీ. పెంచితే ఘనపరిమాణం సుమారు 351 ఘన సెంటీమీటర్లు అవుతుంది.

తిరిగి కూర్చుట

ప్రతి భాగాన్ని కడిగి, నూనె రాసి కూర్చాలి. రింగుల కోతలు ఒకే వరుసలో ఉండరాదు. హెడ్డు నట్లను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. ఇంజను నడిచినపుడు రాకర్ల నూనె గొట్టం బోల్టును కొంచెం వదులు చేసి, నూనె పైకి చేరుతున్నదీ లేనిదీ చూడాలి. నూనె చేరకపోతే కొత్త భాగాలు కూడా త్వరగా అరిగి పాత శబ్దమే తిరిగి వస్తుంది. ఇంజను ఒకసారి వేడెక్కి చల్లారిన తరువాత హెడ్డు నట్లను సరిచూసి, టాపెట్లను మళ్ళీ సర్దాలి. మొదటి 500 కిలోమీటర్ల వరకు వేగంగా నడపకుండా, ఆపై నూనె మార్చడం మంచిది.

రిజిస్ట్రేషను

ఇంజను నంబరు క్రాంకు కేసుపై ముద్రించి ఉంటుంది. కాబట్టి పిస్టను, సిలిండరు మార్చినా నంబరు మారదు. క్రాంకు కేసునో, ఇంజను మొత్తాన్నో మార్చితే రవాణా శాఖ అనుమతి పొంది, రిజిస్ట్రేషను పత్రంలో నమోదు చేయించాలి. సొంత వాహనాల రిజిస్ట్రేషను 15 సంవత్సరాల తరువాత తనిఖీతో 5 సంవత్సరాలకు ఒకసారి పునరుద్ధరించవలసి ఉంటుంది.

తరువాతి ఇంజన్లు

పోత ఇనుప ఇంజను స్థానంలో వచ్చిన యూనిట్ కన్‌స్ట్రక్షన్ ఇంజనులో హైడ్రాలిక్ టాపెట్లు ఉన్నాయి. నూనె ఒత్తిడితో సందు దానంతట అదే సరిపోతుంది కనుక వీటికి పైన చెప్పిన సర్దుబాటు వర్తించదు. స్టార్టు చేసిన కొన్ని క్షణాలు వీటిలో టిక్ శబ్దం రావడం సహజం. 2023లో బుల్లెట్‌కు అమర్చిన 349 ఘన సెంటీమీటర్ల ఇంజనులో కామ్ హెడ్డులోనే ఉన్నందున పొడవైన పుష్‌రాడ్‌లు లేవు.