దుబాయి ప్రయాణము – బయలుదేరక మునుపు తెలిసికొనవలసిన విషయములు

కాజీపేట స్టేషనులో క్రొత్త పెట్టెతో, మెడలో వ్రేలాడు చిన్న సంచితో నిలిచియున్న యువకుని చూచిన యెడల, ఆతడు శంషాబాదు విమానాశ్రయమునకు పోవుచున్నాడని మన ప్రాంతమువారు అడుగకయే గ్రహింతురు. 1970వ దశాబ్దమున చమురు వెలలు పెరిగిన తరువాత గల్ఫు దేశములలో పనులు విస్తరించెను. నాటినుండి కరీంనగరము, జగిత్యాల, నిజామాబాదు, వరంగల్లు ప్రాంతములవారు అచ్చటికి పోవుచునే యున్నారు. తండ్రియో, అన్నయో, మేనమామయో దుబాయిలో నున్న విద్యార్థులు మా ప్రతి తరగతిలోను గలరు.

కొంతకాలము క్రిందట ఒక విద్యార్థి తండ్రి ఒక కాగితమును మాయొద్దకు తెచ్చి, "సారూ, ఇది పని వీసానేనా? జర చూడుండ్రి" అని యడిగెను. ప్రయాణమునకు నాలుగు దినములే గడువున్నది. ఏజెంటునకు సొమ్ము చెల్లించుట యైనది. మేము చదివి చూడగా అది పని వీసా కాదు, సందర్శకుల వీసా. ఆయన ప్రయాణము మానుకొనెను గాని చెల్లించిన సొమ్ము తిరిగి రాలేదు. పదవ తరగతి చదువుచున్న ఆయన కుమారుడు ప్రక్కనే నిలిచియుండెను. ఆ కాగితము వారి యింట మూడు వారములుండినను, దానిని చదువుమని బాలునితో నెవ్వరును చెప్పలేదు. చదువవలెనని బాలునికిని తోచలేదు. ఈ వ్యాసము వ్రాయుటకు అదియే కారణము.

మొట్టమొదట తెలిసికొనవలసినది వీసాలోని భేదము. సందర్శకుల వీసా బంధువులను చూచుటకును, ఊరు చూచుటకును ఇయ్యబడునది. సాధారణముగా దానికి 30 లేక 60 దినముల గడువుండును. దానితో పని చేయుట ఆ దేశ చట్టమునకు విరుద్ధము. గడువు దాటి నిలిచినవారు దినమునకు 50 దిర్హముల చొప్పున జరిమానా చెల్లింపవలెను. పనికి పోవువారికి యజమాని పేరు గల ఉద్యోగ ప్రవేశపత్రము వేరుగా నుండవలెను. "ముందు విజిటుమీద పొండి, అక్కడ మార్చుకొనవచ్చును" అను మాటను నమ్మి పోయినవారు, జీతము రానప్పుడు ఫిర్యాదు చేయుటకు సైతము భయపడవలసివచ్చును. 2018లోను 2024లోను ఆ ప్రభుత్వము క్షమాభిక్ష ప్రకటించినందున పత్రములు లేని యనేకులు జరిమానా లేకుండ ఇల్లు చేరగలిగిరి. అట్టి దయ మరల నెప్పుడు కలుగునో లెక్కించి ఎవ్వరును ప్రయాణము కట్టరాదు.

రెండవది పాస్‌పోర్టు. ప్రయాణదినము నాటికి దానికి ఆరు మాసములకు తక్కువగాని గడువు మిగిలియుండవలెను. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారి పాస్‌పోర్టులో సాధారణముగా "వలస తనిఖీ అవసరము" అను ముద్ర యుండును. 1983 నాటి వలసల చట్టము ననుసరించి, అట్టివారు పనికొఱకు ఎమిరేట్సు, సౌదీ, కువైటు మొదలగు 18 దేశములకు పోవలెనన్న వలసదారుల సంరక్షకాధికారి అనుమతి పొందవలెను. ఆ అధికారి కార్యాలయము హైదరాబాదులో నున్నది. ఆ కార్యాలయమువారు పని ఒప్పందమును పరిశీలింతురు. ప్రవాసి భారతీయ బీమాను తప్పనిసరిగా చేయింతురు. రెండేండ్లకు 275 రూపాయలు చెల్లించినచో, ప్రమాదమున మరణము గాని శాశ్వత వైకల్యము గాని కలిగిన యెడల ఆ బీమా 10 లక్షల రూపాయల వఱకు ఇచ్చును.

పదవ తరగతి ఉత్తీర్ణులైనవారికి ఈ తనిఖీ లేదు. విద్యార్థులు ఇచ్చట కొంచెము నిలిచి ఆలోచింపవలెను. చదువుకొన్నవాడు తన కాగితమును తానే చదువుకొనగలడను నమ్మకముతోనే ప్రభుత్వము తనిఖీని విడిచినది. చదువక సంతకము చేసినవానికి ఆ మినహాయింపు ఏమి మేలు చేయును? అధికారి కన్ను లేదు, తన కన్నును లేదు.

ఏజెంటు ప్రభుత్వమునొద్ద నమోదైనవాడో కాడో ఈ-మైగ్రేట్ అను ప్రభుత్వ అంతర్జాల స్థలమున చూడవచ్చును. నమోదైన ఏజెంటు పుచ్చుకొనదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై పన్ను. అంతకు మించి యడిగినను, రసీదు లేదనినను అనుమానింపవలెను. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థయగు టామ్‌కామ్ కూడ విదేశోద్యోగములకు మనుష్యులను పంపుచున్నది. ఒప్పందమున జీతమెంత, పని యెన్ని గంటలు, బస, భోజనము, వైద్యము, తిరుగు టిక్కెట్టు ఎవరివి అను సంగతులు చూచి, దాని నకలొకటి ఇంటియందుంచి పోవలెను.

పెట్టె సర్దునపుడు తల్లులు జాగ్రత్త వహింపవలెను. మన వంటింట సామాన్యమైన గసగసాలు ఆ దేశమున నిషిద్ధ వస్తువు. మసాలాపొడిలో కలిపినను చిక్కు తప్పదు. ట్రమడాల్, కోడీన్ గల నొప్పి, దగ్గు మందులకు అచ్చటి ఆరోగ్యశాఖ ముందస్తు అనుమతి కావలెను. వాడుకొను మందులన్నిటితోను వైద్యుని చీటి నుంచుకొనవలెను. ఇతరులిచ్చిన పొట్లమును, అందేమున్నదో చూడక, చుట్టమిచ్చినదైనను కొనిపోరాదు.

అచ్చటి గడియారము మనకంటె గంటన్నర వెనుక. వేసవియెండ మన రోహిణికార్తెను మించును. జూను 15 మొదలు సెప్టెంబరు 15 వఱకు మధ్యాహ్నము 12.30 నుండి 3 గంటల వఱకు ఆరుబయలు ఎండలో పని చేయింపరాదని నియమము గలదు. రంజాను మాసమున ఉపవాసము పాటించువారిని గౌరవించి నడచుకొనవలెను. స్త్రీలను అనుమతిలేక ఫొటో తీయరాదు. మన పాస్‌పోర్టు 1967 నాటి చట్టము ప్రకారము భారత ప్రభుత్వపు సొత్తు. దానిని తనయొద్ద నుంచుకొనుటకు యజమానికి హక్కు లేదు. ఆపద కలిగినపుడు పోలీసులను 999 సంఖ్యకు పిలువవలెను. జీతము, ఒప్పందములను గూర్చిన చిక్కులందు దుబాయిలోని భారత కాన్సులేటును గాని, అబూదాబిలోని రాయబార కార్యాలయమును గాని ఆశ్రయింపవలెను.

విద్యార్థులారా! మీ యింట నెవరైన ప్రయాణమునకు సిద్ధపడుచున్న యెడల, ఈ రాత్రియే ఆ కాగితములను దీపము క్రింద పెట్టి, ఒక్కొక్క పంక్తి చదివి తెలుగున చెప్పుడు. తెలియని మాట యున్నచో మాయొద్దకు తీసికొనిరండు. తల్లిదండ్రులారా! పిల్లవాడు చిన్నవాడని సంకోచింపకుడు. ఫీజు కట్టి మీరు చదివించునది ఇందుకు గాక మఱి దేనికి? మొన్న వచ్చిన ఆ బాలుడు ఇప్పుడు తన వాడలో నెవరు కాగితము తెచ్చినను చదివి చెప్పుచున్నాడు. అట్టివారు వాడకొక్కరైన నున్నచో, మోసపోయి మరలివచ్చువారి సంఖ్య తగ్గునని మేము నమ్ముచున్నాము.