వెనుక చూపు మసకబారినచో: మోటారు కారుల వెనుక కెమెరాను గూర్చి

కృష్ణా డెల్టాలో నివసించువారికి కాలువ గట్టు దారి క్రొత్త కాదు. ఒక ప్రక్క నిండుగా పారుచున్న కాలువ, మరియొక ప్రక్క పల్లమున వరి చేలు, నడుమ ఒక్క బండి పట్టునంత దారి. ఎదురుగా ధాన్యపు బస్తాల ట్రాక్టరు వచ్చినచో కారువారు వెనుకకు పోవలసినదే. పూర్వము ఇట్టి సమయమున ఎవరో ఒకరు క్రిందికి దిగి, వెనుక నిలబడి, "రానీ, రానీ, ఆపు" అని చేయి చూపెడివారు. నేడు పెక్కు కారులకు వెనుక భాగమున చిన్న కెమెరా ఉన్నది. నడుపువారు దిగకుండగనే ఎదుటనున్న తెరను చూచుచు బండిని వెనుకకు తీయుచున్నారు.

తెరపై బొమ్మ తేటగా ఉన్నంత వరకు ఇది మేలే. కాని బొమ్మ మసకబారి, గడ్డి ఏదో, గట్టు అంచు ఏదో, నీరు ఏదో తెలియకున్నచో ఏమగును? కెమెరా లేనివాడు దిగి చూచును. మసక కెమెరా గలవాడు తాను చూచితినని నమ్మి వెనుకకు పోవును. కావున మసక బొమ్మ, బొమ్మయే లేకుండుట కంటె ఎక్కువ ప్రమాదకరమని మేము భావించుచున్నాము. ఆ మసకకు గల కారణములను, వానిని ఇంటివద్దనే కనుగొను విధానమును ఇచట వివరింతుము.

ఈ కెమెరా ఎందులకు వచ్చినది?

1956లో అమెరికాలో జనరల్ మోటార్సువారు బ్యూక్ సెంచూరియన్ అను ప్రదర్శన కారునకు వెనుక చూచు అద్దమునకు బదులు టెలివిజన్ కెమెరాను అమర్చి చూపిరి. ఇచట ప్రకాశం బ్యారేజి నిర్మాణము జరుగుచున్న రోజులవి. అటుపిమ్మట చాల కాలమునకు, 1991లో, జపానులో టొయోటా సోరర్ కారునకు ఇట్టి కెమెరా వచ్చినది.

2002లో అమెరికాలో ఒక తండ్రి తన ఇంటి ముంగిట బండిని వెనుకకు తీయుచుండగా, వెనుకనున్న రెండేండ్ల కుమారుడు దాని క్రిందపడి మరణించెను. ఆ బిడ్డ పేరిట 2008లో అచట చట్టము వచ్చినది. దాని ననుసరించి 2018 మే 1 నుండి ఆ దేశమున తయారగు క్రొత్త కారులన్నిటికిని వెనుక కెమెరా తప్పనిసరి అయినది. బండి వెనుక 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు గల నేల తెరపై కనిపింపవలెనని నియమము. ఏడాదిన్నర బిడ్డ ఎత్తు, అనగా సుమారు 32 అంగుళములు గల గుండ్రని స్తంభములను వెనుక నిలిపి పరీక్షింతురు.

మన దేశమున 2019 జూలై 1 నుండి క్రొత్త కారులకు వెనుకనున్న అడ్డును పసిగట్టి "బీప్" మని హెచ్చరించు సాధనమును తప్పనిసరి చేసిరి. ఇది ఎంతయో మేలు చేయునది. కాని అది అడ్డమును మాత్రమే పసిగట్టును, పల్లమును పసిగట్టజాలదు. వెనుక గోడ ఉన్నచో కూయును గాని, కాలువ ఉన్నచో కూయదు. గట్టు అంచును చూపగలది కెమెరా మాత్రమే. అందుచేత డెల్టా ప్రాంతమున బొమ్మ తేటగా ఉండుట మరింత ముఖ్యము.

తల, కాలువ, బోదె

ప్రకాశం బ్యారేజి వద్ద బయలుదేరిన నీరు బందరు, ఏలూరు, రైవస్ కాలువల గుండ ప్రవహించి, పంట బోదెల ద్వారా చేనికి చేరును. చేనికి నీరందనపుడు రైతు ఏమి చేయును? తలవద్ద నీరు వదలిరా, దారిలో గండి పడినదా, బోదె పూడినదా అని వరుసగా చూచును. కెమెరా బొమ్మయు అట్టిదే. కెమెరా కన్ను దాని తల; తీగ దాని కాలువ; తెర దాని చేను. ఈ మూటిలో దోషమెచట నున్నదో ముందు తెలిసికొనవలెను.

గుర్తులు తేలికయైనవే. బొమ్మ కదలక మెదలక ఎల్లప్పుడు ఒకే తీరున మసకగా ఉన్నచో దోషము కంటిలో నున్నది. బొమ్మ వచ్చుచు పోవుచు, చారలు పడుచు, అదురుచు ఉన్నచో దోషము తీగలో నున్నది. రేడియో అంకెలు, ఇతర అక్షరములు కూడ మసకగా కనిపించినచో దోషము తెరలో నున్నది.

కంటి దోషములు

కారు పోవుచున్నపుడు దాని వెనుక గాలి సుడి తిరుగును. ఆ సుడి దుమ్మును, బురద నీటిని వెనుక భాగమునకే తెచ్చి అంటించును. కోతల రోజులలో దుమ్ము, వానలలో నల్లరేగడి బురద కెమెరా కటకముపై పొరగా పేరుకొనును. ఆ కటకము బఠాణీ గింజకు కొంచెము పెద్దది. పెద్ద అద్దముపై లెక్కకు రాని మరక దానిపై సగము బొమ్మను కప్పివేయును. మసక బొమ్మకు మొట్టమొదట అనుమానింపదగిన కారణమిదియే. దీనికి వైద్యము తడిపిన మెత్తని గుడ్డ. ముందు నీరు పోసి ఇసుక రేణువులను జార్చి, పిదప మెల్లగా తుడువవలెను. పొడిగుడ్డతో రుద్దినచో గీతలు పడును. పెట్రోలు, థిన్నరు, పండ్లపొడి, గరుకు కాగితము వాడరాదు. క్రొత్త కెమెరా అయినచో అంగడిలో అంటించిన పలుచని ప్లాస్టిక్ పొర తీసిరో లేదో చూడవలెను. ఆ పొరను తీయుట మరచి కెమెరాను నిందించువారును కలరు.

రెండవది తేమ. ఉదయము బొమ్మ మంచు పట్టినట్లుండి, ఎండ ఎక్కినకొలది తేటపడినచో, కటకము లోపలకు తేమ చేరినదని గ్రహింపవలెను. కెమెరా చుట్టునున్న రబ్బరు ముద్ర వదులైనపుడు తేమగాలి లోపలకు పోయి, చల్లని వేళ కటకము లోపలి వైపున నీటి బిందువులై నిలుచును. పైన ఎంత తుడిచినను ఇది పోదు. ఎండలో ఆరినను మరల వచ్చును. ఇట్టి కెమెరాను మార్చుటయే మేలు.

కొన్ని కెమెరాలపై ఐపీ 67 అని వ్రాసియుండును. దానిని చూచి నీటికి భయము లేదని తలపరాదు. ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషముల పాటు ఉంచినను లోపలకు నీరు చేరదని మాత్రమే ఆ అంకెలకు అర్థము. 2024 సెప్టెంబరు మొదటి వారమున బుడమేరు వరద విజయవాడను ముంచినపుడు, సింగ్‌నగర్ మొదలగు పేటలలో వాహనములు దినముల తరబడి నీటిలో నిలిచినవి. అంత కాలము మునిగిన కెమెరా బాగుపడినట్లు కనిపించినను నమ్మదగినది కాదు. అట్లే సర్వీసింగు చేయించునపుడు నీటి గొట్టమును కెమెరాకు చేరువగా పెట్టి బలముగా కొట్టనీయరాదు.

మూడవది ఎండ. తక్కువ వెలకు దొరకు ప్లాస్టిక్ కటకములు ఏండ్ల తరబడి విజయవాడ ఎండకు మాగి పాలిపోవును. దీనికి మందు లేదు.

నాలుగవది చీకటి. ఇది నిజమునకు రోగము కాదు. కెమెరా చిన్నది గనుక అది త్రాగు వెలుతురును స్వల్పమే. వెలుతురు చాలనపుడు బొమ్మపై ఇసుక చల్లినట్లు చుక్కలు కనిపించును. ముందుగా రివర్సు దీపము వెలుగుచున్నదా, దాని అద్దము శుభ్రముగా ఉన్నదా చూడవలెను. దీపము మాడిపోయిన కారునకు ఎంత మంచి కెమెరా ఉన్నను రాత్రివేళ గ్రుడ్డిదే.

తీగ దోషములు

తరువాత అమర్పించుకొన్న కెమెరాలలో పెక్కింటికి రివర్సు దీపపు తీగ నుండియే 12 వోల్టుల విద్యుత్తు నిత్తురు. అతుకు వదులైనను, ఎర్తు తీగ తుప్పు పట్టినను బొమ్మ అదురును, చారలు పడును. బందరు, నాగాయలంక, కోడూరు ప్రాంతములలో సముద్రపు ఉప్పుగాలి వలన అతుకులకు పచ్చని చిలుము త్వరగా పట్టును. దానిని గీకి శుభ్రపరచి, అతుకును గట్టిగా బిగించి, నీరు చేరకుండ చుట్టవలెను.

కెమెరా వెనుక తలుపునకు ఉన్న కారులలో, తలుపు తీయుచు వేయుచుండుటచే కీలు వద్ద తీగ లోపల తెగును. దీనిని కనుగొను విధము: సమతలమున కారు నిలిపి, ఇంజను ఆపి, చేతి బ్రేకు వేసి, చక్రములకు రాళ్ళు అడ్డు పెట్టవలెను. తాళము మాత్రము త్రిప్పి, రివర్సు గేరు వేసి, ఒకరు తెరను చూచుచుండగా మరియొకరు ప్రక్కగా నిలబడి తలుపును మెల్లగా తీయుచు వేయుచుండవలెను. తలుపు కదలినపుడెల్ల బొమ్మ తెగినచో దోషము ఆ కీలు వద్దనే ఉన్నది. ఇంజను నడుచుచున్న కారు వెనుక నిలబడి ఈ పరీక్ష ఎన్నడును చేయరాదు.

తెర దోషములు, పొత్తు కుదరని జోడి

తెరపై ఎండ పడినచో ఎంత మంచి బొమ్మయైనను వెలవెలబోవును. తెర వెలుగును రాత్రికి తగ్గించి పగలు మరల పెంచుట మరచినను అట్లే జరుగును. వీనిని సరిచేయుటకు ఖర్చు లేదు.

ఇక పొత్తు మాట. పాత రకపు కెమెరా బొమ్మలో అడ్డమున 640, నిలువున 480 చుక్కలుండును. అనగా మొత్తము మూడు లక్షలు మాత్రమే. క్రొత్త రకములో అడ్డమున 1280, నిలువున 720. అనగా తొమ్మిది లక్షలకు పైగా. పాత కెమెరాను ఉంచి పెద్ద తెరను మాత్రము కొన్నచో, ఆ మూడు లక్షల చుక్కలనే సాగదీసి పరచవలసి వచ్చును. ఒక కుంచెడు విత్తనములను ఎకరమంతట చల్లినట్లు బొమ్మ పలుచబడును. మరియు కెమెరాలు పాల్, ఎన్‌టిఎస్‌సి అను రెండు పద్ధతులలో బొమ్మను పంపును. తెర ఒక పద్ధతికి, కెమెరా మరియొక పద్ధతికి కుదిరియున్నచో రంగులు పోయి బొమ్మ దొర్లును. తెర అమరికలలో దీనిని మార్చుకొనవచ్చును.

కొనునపుడు గమనింపవలసినవి

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో మోటారు వాహనములకు సంబంధించిన అన్ని పనులకును నేర్పరులైన పనివారు కలరు. పని అప్పగించునపుడు, ఈ కెమెరా మన తెరకు సరిపడునా, నీటికి ఎంతవరకు తట్టుకొనును, హామీ ఎంత కాలము అని అడిగి బిల్లు తీసికొనవలెను. బొమ్మను పగలు మాత్రమే కాక చీకటి పడిన పిదప కూడ చూచి ఒప్పుకొనవలెను. కంపెనీవారు అమర్చిన కెమెరాకు హామీ గడువు ఉన్నచో బయట తీగలు కోయించరాదు. హామీ ఉండియు న్యాయము జరుగనపుడు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 అను నంబరుపై ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చును.

డబ్బా పరీక్ష

చివరగా ప్రతి కారు యజమానియు చేయదగిన చిన్న పరీక్ష నొకదానిని సూచించుచున్నాము. సుమారు 32 అంగుళముల ఎత్తు వచ్చునట్లు ఒక డబ్బాను పీటపై నుంచి, నిలిపియున్న కారు వెనుక బంపరునకు రెండడుగుల దూరమున నిలుపుడు. పిదప ఎడమ మూలకు, కుడి మూలకు, ఇరువది అడుగుల దూరమునకు మార్చి తెరను చూడుడు. పగలు ఒకసారి, రాత్రి ఒకసారి చూడుడు. వెడల్పుగా చూచు కటకము వలన వస్తువులు ఉన్నదానికంటె దూరముగా తోచునని కూడ ఈ పరీక్షలో తెలియును. ఎచటనైనను డబ్బా స్పష్టముగా కనిపింపకున్నచో, ఆ చోట మీ బిడ్డ నిలబడినను కనిపింపడని గ్రహింపుడు. కెమెరా బాగుపడు వరకు అది మీ కారునకు లేనట్లే భావింపుడు.

పల్లెలలో ఇంటి ముంగిలియే పిల్లల ఆటస్థలము. కోతల కాలమున రోడ్డు ప్రక్కయే ధాన్యము ఆరబోయు చోటు. బొమ్మ ఎంత తేటగా ఉన్నను, బండి ఎక్కుటకు ముందు దాని చుట్టు ఒకసారి తిరిగి చూచుట, ఇరుకు దారిలోను గట్టుమీదను ఒక మనిషిని దింపి చేయి చూపించుకొనుట మానరాదు. కెమెరా మన కంటికి తోడు మాత్రమే. దిగి చూచినందున ఒక నిమిషము ఆలస్యమగును. అంతకు మించి నష్టము లేదు.