కుటుంబపట్టికలో ఒక మాట

జపాను దేశమున శిశువు జన్మించిన పదునాలుగు దినములలోగా ఆ వార్తను నగర కార్యాలయమునకు తెలియజేయవలెను. అచ్చటి ఉద్యోగి దానిని 'కొసెకి' యను కుటుంబపట్టికలో నెక్కించును. మన యిండ్లలో రేషనుకార్డు, పదవ తరగతి సర్టిఫికెటు, ఓటరు గుర్తింపుకార్డు ఒకదాని కొకటి సాక్ష్యము పలుకుచుండును గదా. అచ్చట మాత్రము అన్నిటికిని మూలము ఈ పట్టికయే. పెండ్లి నమోదు కావలెనన్నను, పాస్‌పోర్టు పొందవలెనన్నను ఆధారము కొసెకియే.

ఈ పట్టికలో నొక విశేషము కలదు. స్త్రీ యనియో పురుషుడనియో వ్రాయుటకు దీనిలో ప్రత్యేకమైన గడి లేదు. 'జ్యేష్ఠపుత్రుడు', 'ద్వితీయపుత్రిక' అని తల్లిదండ్రులతో గల వరుస వ్రాయుదురు. లింగము ఆ వరుసలోనే యిమిడి యుండును. అందుచేత జపానులో చట్టరీత్యా లింగమును మార్చుకొనుట యనగా, పట్టికలో కొడుకుగా నున్న వ్యక్తి కూతురగుట, కూతురుగా నున్న వ్యక్తి కొడుకగుట.

పుట్టినప్పుడు పెద్దలు వ్రాయించిన లింగమునకును, తమ అంతరంగమున తామెఱిగిన లింగమునకును పొంతన కుదరని మనుష్యులు అన్ని దేశములందును కలరు. వారిని నేడు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులని వ్యవహరించుచున్నాము. ఈ ప్రసంగమును సిద్ధపఱచు దినములలో మా సహోద్యోగి యొకరు, "కాగితములో ఒక మాటకై ఇంత వ్యాజ్యమేల?" అని అడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. కాని ఆసుపత్రిలో పేరు పిలిచినప్పుడు లేచి నిలిచిన స్త్రీని చూచి, చేతిలోని కాగితమును చూచి, మరల ఆమెను చూచు గుమాస్తాను ఊహించుకొనుడు. అద్దె యింటికి పోయినను, ఉద్యోగమునకు పోయినను అదే చూపు. తన వృత్తాంతమును పరాయివారి యెదుట దినదినమును విప్పి చెప్పవలసివచ్చుట చిన్న బాధ కాదు.

ఈ విషయమున జపాను ప్రభుత్వము నడచిన దారి విచిత్రమైనది. 1948లో ఆ దేశమున వంశసంరక్షణ పేరిట ఒక శాసనము చేయబడినది. వికలాంగులకును, మానసిక వ్యాధిగ్రస్తులకును సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయుటకు అది అనుమతించెను. 1996లో ఆ భాగములు తొలగింపబడు లోపల సుమారు 25,000 మంది ఆ చికిత్సకు లోనైరి. వారిలో అనేకులు తమ సమ్మతి లేకయే లోనైరి. ఆ శాసనమే, తగిన కారణము లేకుండ అట్టి చికిత్స చేయరాదనియు నిషేధించెను. 1964లో టోక్యో వైద్యుడొకడు, పురుషులుగా పుట్టి స్త్రీలుగా జీవింపగోరిన వారికి శస్త్రచికిత్స చేయగా, 1969లో న్యాయస్థానము ఈ నిషేధము క్రిందనే అతనిని దోషిగా నిర్ణయించెను. ఆ పిమ్మట దాదాపు మూడు దశాబ్దములు వైద్యులు ఆ వంక చూచుటకే జంకిరి. 1998లో సైతామా వైద్యవిశ్వవిద్యాలయమున, నీతిసంఘము వారి పరిశీలన జరిగిన మీదట గాని, బహిరంగముగా ఈ చికిత్స మరల ఆరంభము కాలేదు.

2003లో రెండు సంఘటనలు జరిగినవి. ఏప్రిల్ నెలలో టోక్యోలోని సెతగాయా వార్డు సభకు అయా కామికావా, తాను ట్రాన్స్‌జెండర్ వ్యక్తినని బహిరంగముగా ప్రకటించియే ఎన్నికైనది. జూలై 10వ తేదీన పార్లమెంటు, కొసెకిలో లింగమును మార్చుకొనుటకు వీలు కల్పించు ప్రత్యేక శాసనమును ఏకగ్రీవముగా ఆమోదించెను. ఈ శాసనమునకై ముందు నిలిచి పాటుపడిన సభ్యురాలు చియెకో నోనో పూర్వాశ్రమమున నర్సుగను, మంత్రసానిగను పనిచేసిన వ్యక్తి.

శాసనము వచ్చినది గాని దాని వాకిట కావలి గట్టిది. ఇరువురు వైద్యులు పరీక్షించి నిర్ణయము వ్రాసియీయవలెను. ఆపైన కుటుంబ న్యాయస్థానమున అర్జీ పెట్టుకొనవలెను. అర్జీదారు యుక్తవయస్కుడై యుండవలెను, వివాహబంధమున ఉండరాదు, సంతానము ఉండరాదు, సంతానశక్తి శాశ్వతముగా పోయి యుండవలెను, శరీరాకృతి మారిన లింగమునకు తగినట్లుండవలెను. సంతానమును గూర్చిన షరతును 2008లో కొంత సడలించి, పిల్లలు మైనరులు కాకున్న చాలుననిరి. 2021లో సుప్రీంకోర్టు ఆ సడలించిన షరతును సమర్థించెను. న్యాయమూర్తులలో ఒకరు మాత్రము విభేదించిరి.

వీనిలో మిక్కిలి కఠినమైనది నాలుగవ షరతు. మాకు తోచునదేమనగా, 1969లో ఏ శస్త్రచికిత్స చేసినందులకు వైద్యుని శిక్షించిరో, 2003లో దాదాపు ఆ చికిత్సనే చేయించుకొని రమ్మని శాసించిరి. కోరి చేయించుకొనువారి మాట వేఱు. కాని దేహము ఓర్వలేని రోగులు, శస్త్రమనిన భయపడువారు, ధనము లేనివారు ఏమి కావలెను? 2018 వఱకు ప్రభుత్వ ఆరోగ్యబీమా ఈ చికిత్సకు వర్తింపనే లేదు. ఆ యేడు వర్తింపజేసినను, బీమాలో చేరని హార్మోను మందులు అంతకు ముందే వాడుచున్నవారికి అది అందనట్టి చిక్కు మిగిలినది, వాడనివారో, అరుదు. పలువురు థాయిలాండునకు ప్రయాణమై పోయి చికిత్స చేయించుకొని వచ్చిరి. ఇన్ని యడ్డంకులున్నను, ఈ శాసనము క్రింద పట్టికను దిద్దించుకొన్నవారి సంఖ్య పదివేలను దాటినది.

దిద్దుబాటు జరిగినంతనే అన్నియు చక్కబడలేదు. స్త్రీగా పుట్టి చట్టరీత్యా పురుషుడై పెండ్లియాడిన ఒకరి భార్యకు, దాత సాయముతో వైద్యులు గర్భము కలిగించగా బిడ్డ పుట్టెను. కార్యాలయమువారు పట్టికలో తండ్రి పేరు వ్రాయక ఖాళీగా విడిచిరి. అట్టి చికిత్సవలన ఇతర దంపతులకు పుట్టిన బిడ్డలకు మాత్రము భర్తయే తండ్రిగా నమోదగుచుండెను. ఆ దంపతులు వ్యాజ్యము నడపగా, 2013 డిసెంబరు 10వ తేదీన సుప్రీంకోర్టు ముగ్గురి కిద్దరి తేడాతో ఆ భర్తయే తండ్రియని తీర్పు చెప్పెను.

నాలుగవ షరతు మొదట 2019లో సుప్రీంకోర్టు ముందునకు వచ్చినది. అప్పటికి అది రాజ్యాంగవిరుద్ధము కాదనిరి. నాలుగేండ్లు గడచినవి. పట్టికలో పురుషుడుగా నుండి స్త్రీగా జీవించుచు, శస్త్రచికిత్స లేకుండ హార్మోను మందులతోనే కాలము గడపుచున్న యొకరు, క్రింది కోర్టులలో ఓడియు పట్టు విడువక మరల అచ్చటికి చేరిరి. 2023 అక్టోబరు 25వ తేదీన పదునైదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఏకకంఠముతో ఆ షరతు చెల్లదనెను. యుద్ధానంతరము ఆ న్యాయస్థానము శాసనవిధి నొకదానిని రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేయుట అది పండ్రెండవ పర్యాయము మాత్రమే.

ఆ తీర్పులోని తర్కము నిరాడంబరమైనది. దేహమునకు కోత పెట్టించుకొనుటయా, తన లింగమునకు చట్టసమ్మతిని వదలుకొనుటయా అని మనుష్యుని రెంటి నడుమ నిలుపుట క్రూరమనిరి. పట్టికలో పురుషుడైనవాడు బిడ్డను కనినచో సమాజమున గందరగోళము పుట్టునన్న భయమునకు, అట్టి సందర్భములు మిక్కిలి అరుదని సమాధానమిచ్చిరి. పైగా 2008 సడలింపు పిమ్మట, స్త్రీయైన తండ్రియు, పురుషుడైన తల్లియు గల కుటుంబములు ఏర్పడియే యున్నవి; వానివలన ఏ యుపద్రవమును రాలేదు. మాకు ఈ మాట నచ్చినది. ఊహలోని భయమును లోకానుభవముతో తూచినారు.

మన సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15వ తేదీననే, లింగమును గుర్తించుటకు శస్త్రచికిత్సను పట్టుబట్టుట తగదని చెప్పియుండెను. ఆ తరువాత మన దేశమున వచ్చిన శాసనముల కథ పెద్దది. దానికి వేఱొక ప్రసంగము కావలెను.

శరీరాకృతిని గూర్చిన ఐదవ షరతుపై జపాను సుప్రీంకోర్టు తానేమియు తేల్చక, వ్యాజ్యమును హిరోషిమా ఉన్నత న్యాయస్థానమునకు త్రిప్పి పంపెను. దానిని గూడ అప్పుడే కొట్టివేయవలసినదని ముగ్గురు న్యాయమూర్తులు వేఱుగా వ్రాసిరి. 2024 జూలై 10వ తేదీన, అనగా శాసనమునకు పార్లమెంటు ఆమోదము లభించిన దినమునకు సరిగా ఇరువదియొక్క సంవత్సరములకు, హిరోషిమావారు అర్జీదారు కోరికను మన్నించిరి. శస్త్రచికిత్స తప్పనిసరియనినచో రాజ్యాంగవిరుద్ధమగునేమో యన్న సందేహమును వెలిబుచ్చి, ఆ వ్యక్తి దేహమున మందులవలన వచ్చిన మార్పే చాలుననిరి.

ఇట్లు మార్పు పొందినవారిని తల్లిదండ్రుల పట్టికనుండి వేఱుచేసి, వారి పేర క్రొత్త కొసెకి నొకటి తెఱతురు. దానిలో కొడుకు కూతురుగా, కూతురు కొడుకుగా కనబడును. వివరముల వరుసలో 'హెయిసెయి శకము 15వ సంవత్సరపు 111వ శాసనము, 3వ విభాగము' అని ఒక చిన్న పంక్తి కూడ ఉండును. తెలియనివారికి అది వట్టి అంకె. తెలిసిన గుమాస్తా మాత్రము ఇప్పటికిని ఒక్కసారి తలయెత్తి చూచును.