చర్మం డాక్టరుకు చెప్పాల్సిన ఇంటి సంగతి

కొల్లేటి చేపల చెరువుల్లో దిగి పనిచేసే మనిషికి మోచేతుల మీద ఎర్రటి మచ్చలు లేచి పొలుసులు రాలుతుంటే, నీళ్లు పడలేదనుకోవడం సహజం. అది సోరియాసిస్ అయితే తప్పు నీళ్లది కాదు. అది ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు కూడా. శరీరాన్ని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థ దారి తప్పడంతో, నెల రోజుల్లో పైకి రావలసిన చర్మ కణాలు నాలుగైదు రోజుల్లోనే వచ్చి పేరుకుపోతాయి.

అదే ఇంట్లో ఇంకొకరికి మల్టిపుల్ స్క్లెరోసిస్, అంటే ఎంఎస్ ఉండవచ్చు. ఇక్కడ రక్షణ వ్యవస్థ దాడి మెదడు, వెన్నుపాముల్లోని నరాల మీద. కరెంటు తీగ మీది ప్లాస్టిక్ తొడుగులాంటి మైలిన్ పొర దెబ్బతింటుంది. ఒక కంటి చూపు మసకబారుతుంది, కాళ్లు తిమ్మిరెక్కుతాయి, నడక తూలుతుంది.

ఈ రెండింటికీ చుట్టరికం ఉందా? కొంత ఉంది. రెండింటికీ ముఖ్యమైన జన్యువులు 6వ క్రోమోజోము మీద, హెచ్‌ఎల్‌ఏ అనే ఒకే ప్రాంతంలో ఉన్నాయి. కాకపోతే సోరియాసిస్‌ది ఒక జన్యువు, ఎంఎస్‌ది మరో జన్యువు. సోరియాసిస్ ఉన్నవారిలో ఎంఎస్ ముప్పు సుమారు రెట్టింపని డెన్మార్క్ పరిశోధకులు లెక్కగట్టారు. అయితే ఎంఎస్ రోగుల కుటుంబాల్లో రక్షణ వ్యవస్థ దారి తప్పే ఇలాంటి జబ్బులు ప్రత్యేకంగా ఎక్కువేమీ లేవని 2007లో కెనడా అధ్యయనం తేల్చింది. మన దేశంలో ఎంఎస్ లక్షకు పదిమంది లోపే కనుక, ముప్పు రెట్టింపైనా ఆ సంఖ్య చిన్నదే. ఒకే పోలిక కవలల్లో ఒకరికి ఎంఎస్ వస్తే రెండోవారికి వచ్చేది దాదాపు నాలుగింట ఒక వంతు సందర్భాల్లోనే. మేనరికాల్లో భయపడే ఒంటి జన్యువు జబ్బుల లెక్క దీనికి పనికిరాదు. ఇక్కడ పనిచేసేవి ఎన్నో జన్యువులు, వాటితోపాటు పరిసరాలూ.

మరి ఈ చుట్టరికం తెలుసుకుని లాభమేమిటి? మందు ఎంచుకునేటప్పుడు తెలుస్తుంది. సోరియాసిస్ ముదిరితే అడాలిముమాబ్, ఎటనర్సెప్ట్ వంటి ఇంజెక్షన్లు ఇస్తారు. ఇవి టీఎన్‌ఎఫ్ అనే వాపు కారకాన్ని అడ్డుకుంటాయి. అదే పని చేసే లెనర్సెప్ట్‌ను ఎంఎస్ రోగులకు ఇచ్చి చూస్తే జబ్బు ఇంకా పెరిగిందని 1999లో బయటపడింది. అందుకే ఎంఎస్ ఉన్నవారికి ఈ మందులు వద్దంటారు. తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల్లో ఎవరికైనా ఎంఎస్ ఉన్నా జాగ్రత్తపడి వేరే మందు చూస్తారు. అలాగని రెండు జబ్బులకూ పడే మందే లేదనుకోనక్కర్లేదు. 1994 నుంచి జర్మనీలో సోరియాసిస్‌కు వాడిన మాత్రల్లోని డైమిథైల్ ఫ్యూమరేట్‌కు, 2013లో అమెరికాలో ఎంఎస్ మందుగా అనుమతి వచ్చింది.

పెళ్లి సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు ఇలాంటి జబ్బుల ఊసెత్తకపోవడం మనకు అలవాటే. ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో చర్మం డాక్టరు ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఆ అలవాటు పనికిరాదు. అన్నకో అమ్మకో ఎంఎస్ ఉందన్న మాట మొదటి ఇంజెక్షన్‌కు ముందే చెప్పాలి. ఆ మందు వాడుతుండగా చూపు మసకబారినా, కాళ్లు మొద్దుబారినా వెంటనే ఆ డాక్టరుకు చెప్పి, నరాల డాక్టరుకూ చూపించుకోవాలి.