పలక మీది మెగావాట్లు, మీటరులోని యూనిట్లు

గాలిమర మీద రాసే మెగావాట్లు దాని జనరేటరు ఇవ్వగల గరిష్ఠ శక్తికి గుర్తు. ఏడాదిలో చేతికొచ్చే కరెంటుకు లెక్క వేరు. 2 మెగావాట్ల యంత్రం 8,760 గంటలూ నిండుగా పనిచేస్తే 1.75 కోట్ల యూనిట్లు రావాలి. ఆంధ్రప్రదేశ్‌లో ధర కట్టేటప్పుడు ఆధారంగా పెట్టుకున్న 23.5 శాతం చొప్పున వచ్చేవి 41 లక్షలే. సామర్థ్య వినియోగ శాతమని పుస్తకాల్లోనూ, పీఎల్‌ఎఫ్ అనీ సీయూఎఫ్ అనీ విద్యుత్ శాఖ వాడుకలోనూ పిలిచేది దీన్నే. అంతమాత్రాన మర ముప్పాతిక కాలం ఊరికే నిలబడి ఉంటుందని అర్థం కాదు. చాలా గంటలు తిరుగుతుంది, కానీ సగం సత్తువతోనో పావు సత్తువతోనో.

నెల్లూరు జిల్లా పడమటి అంచున ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. ఉదయగిరి దుర్గం ఎత్తు 3,079 అడుగులు. అక్కడి నుంచి ఆత్మకూరు వైపు వచ్చేసరికి నేల చదునవుతుంది. నైరుతి రుతుపవనాల గాలి తన తడినంతా పడమటి కనుమల్లో కురిపించేసి, వెలికొండలు దాటి పొడిగా దిగుతుంది. రాయలసీమ మరలకు కూడా ఈ ఆషాఢ గాలులే అసలు పంటకాలం. నెల్లూరుకు వానలు తెచ్చే అక్టోబరు, నవంబరు నెలల్లో గాలికి అంత నిలకడ ఉండదు. తుపాను వచ్చినా లాభం లేదు: గాలి సెకనుకు 25 మీటర్లు దాటితే యంత్రం తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది.

అసలు మెలిక గాలివేగంలో ఉంది. వేగం సగమైతే శక్తి సగం కాదు, ఎనిమిదో వంతవుతుంది. సెకనుకు 12 మీటర్ల గాలిలో 2,000 కిలోవాట్లు ఇచ్చే మర, 6 మీటర్ల గాలిలో ఇచ్చేది దాదాపు 250. మూడు మీటర్లకు దిగువన ఏమీ రాదు. కొండ నెత్తిన కొద్దిగా హెచ్చే వేగానికి అంత విలువ అందుకే. గాలిలోని శక్తిలో 59.3 శాతానికి మించి ఏ చక్రమూ లాగలేదని జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ బెట్జ్ చూపిన హద్దు వేరే విషయం. ఆ హద్దునూ సామర్థ్య వినియోగ శాతాన్నీ కలిపి గందరగోళపడేవారు ఎక్కువ.

భారతదేశంలో 1986లో ప్రదర్శన కోసం నెలకొల్పిన మరలు 55 కిలోవాట్లవి. అనంతపురం ప్రాంతంలోని రామగిరి కొండల మీద 1990లలో మరలు లేచాయి. అప్పటి స్తంభాలు పొట్టివి, రెక్కలు చిన్నవి. 80 మీటర్ల వ్యాసమున్న చక్రం సుమారు 5,000 చదరపు మీటర్ల మేర గాలిని పడితే, 110 మీటర్లది 9,500 పడుతుంది. జనరేటరు మార్చకుండా రెక్కలు పెంచితే మంద గాలిలోనూ యూనిట్లు పెరుగుతాయి, శాతమూ పెరుగుతుంది. రెక్కలు అవే ఉంచి జనరేటరును చిన్నది చేసినా శాతం పెరుగుతుంది, యూనిట్లు మాత్రం పెరగవు. కాబట్టి శాతం ఒక్కటే చూసి మర మంచిచెడ్డలు తేల్చడం పొరపాటు. దేశమంతా కలిపి 2023–24లో గాలి నుంచి వచ్చింది సుమారు 8,300 కోట్ల యూనిట్లు; ఆ ఏడాది స్థాపిత సామర్థ్యంతో పోలిస్తే 21 శాతం పైచిలుకు. ఒక మర గాలిని మరొకటి అడ్డుకోవడం, మరమ్మతులు, గ్రిడ్ వద్దన్నప్పుడు ఆపేయడం కూడా ఇందులో తరుగులే.

గాలి ఉచితం, ఖర్చంతా యంత్రానిదే. అందుకే ఈ శాతం నేరుగా ధరలోకి దిగుతుంది. పెట్టుబడి అంతే ఉండగా 20 శాతం 25 అయితే, అమ్ముకునే యూనిట్లు పావు వంతు పెరుగుతాయి. 2012లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి 23.5 శాతం ఆధారంగా యూనిట్‌కు 4 రూపాయల 70 పైసలు ఖరారు చేసింది. 2017 ఫిబ్రవరిలో జాతీయ వేలంలో ధర 3 రూపాయల 46 పైసలకు దిగింది. పాత ఒప్పందాలు అప్పుడే భారంగా కనిపించాయి. 2019లో రాష్ట్ర ప్రభుత్వం వాటిని సమీక్షకు పెట్టగా వివాదం కోర్టుకెక్కింది. ఒప్పందంలో రాసుకున్న ధరే చెల్లించాలని 2022 మార్చిలో హైకోర్టు తీర్పు చెప్పింది.