గొళ్లెం తేట, ముఖం మసక

మా ఇంటిలో ఒక ఫొటో ఉన్నది. బీర్కూరులో మా నాయనమ్మ వాకిట కూర్చుండగా, పన్నెండేండ్ల వయసులో నేను తీసినది. ఆమె వెనుక తలుపు గొళ్లెం, మేకులతో సహా, స్పష్టంగా కనిపిస్తున్నది. ముఖం మాత్రం మంచులో చూచినట్లున్నది. ఆమెకు వేరొక ఫొటో లేదు. తప్పు నాదా, కెమేరాదా అని చాలాకాలం ఆలోచించాను.

కెమేరా మా నాన్నగారిది. ఆగ్ఫా క్లిక్ త్రీ. బరోడాలోని న్యూ ఇండియా ఇండస్ట్రీస్ వారు తయారుచేసిన ఈ పెట్టె ఒకప్పుడు ఎందరికో తొలి కెమేరా. 120 రకం ఫిల్ము చుట్ట వేస్తే, 6 సెంటీమీటర్ల చదరంలో 12 ఫొటోలు వచ్చేవి. వెనుక ఎర్రని గవాక్షంలో అంకె చూచి మర తిప్పవలెను. తిప్పుట మరచితిమా, బొమ్మపై బొమ్మ పడేది. పెండ్లికొడుకు నెత్తిన ఎడ్లబండి నిలిచేది!

సరిచేయవలసినవి దాదాపు లేవు. ఎండకు ఒక గుర్తు, మబ్బుకు ఒక గుర్తు, అంతే. 1888లో జార్జ్ ఈస్ట్‌మన్ నూరు ఫొటోల ఫిల్ముతో కొడాక్ కెమేరాను అమ్మినప్పటి ఆశయమూ ఇదే: మీట నొక్కుట తప్ప కొన్నవారికి వేరే పని ఉండరాదు.

మన కంటిలోని కటకం దగ్గరి వస్తువుకు ఉబ్బి, దూరపు వస్తువుకు పలుచబడుతుంది. ఖరీదైన కెమేరాలో కటకాన్ని ముందుకు, వెనుకకు జరిపి ఆ పని నెరవేరుస్తారు. ఈ పెట్టెలో కటకం బిగించినచోటనే ఉంటుంది. మరి బొమ్మ ఎట్లా కుదురుతున్నది? వెలుతురు చొచ్చే రంధ్రం చిన్నది కావడం చేత. కన్ను చికిలించి చూస్తే దూరపు అక్షరాలు కొంత తేటపడడం మీరెరుగుదురు, ఇదీ అటువంటిదే. సుమారు పదడుగుల నుండి ఆకాశపుటంచు వరకు అన్నీ తగినంత స్పష్టంగా పడతాయి. అంతకు లోపల ఎంత దగ్గరైతే అంత మసక. రంధ్రం చిన్నది గనుక ఎండ కూడా దండిగా కావలెను.

నేనేమో నాయనమ్మ ముఖం పెద్దదిగా రావలెనని నాలుగడుగుల దగ్గరకు వెళ్లాను. తలుపు పన్నెండడుగుల దూరాన ఉన్నది. అదే చుట్టలో మంజీర ఒడ్డున తీసిన గేదెలను కొమ్ము కొమ్ము లెక్కపెట్టవచ్చును.

మీ బీరువాలో ఇటువంటి కెమేరా ఉన్నట్లయితే, 120 ఫిల్ము నేటికీ తయారవుతున్నది. పదడుగులు కాలితో కొలిచి, ఎండ మీ వీపు వైపు ఉండేటట్లు నిలిచి, ఊపిరి బిగబట్టి మీట నొక్కండి. ముఖం చిన్నదిగా పడితే పడనివ్వండి. కడిగించిన తరువాత పెద్దది చేయించుకోవచ్చును. ఆ మాట నాకప్పుడు చెప్పినవారు లేరు.