ఏడు బళ్లు... నలభై మంది!

గణతంత్ర దినోత్సవం అనగానే పెద్దవాళ్లకు కవాతు గుర్తొస్తుంది. పిల్లలకు మాత్రం మోటార్‌సైకిళ్లే! ట్యాంకులు వెళ్లిపోయినా, శకటాలు వెళ్లిపోయినా టీవీ ముందు నుంచి కదలరు. నిచ్చెన మీద నిలబడి సెల్యూట్ కొట్టేవాళ్లూ, ఒకరి భుజాల మీద ఒకరెక్కి గోపురం కట్టేవాళ్లూ వచ్చేదాకా అలా చూస్తూనే ఉంటారు. ఇంతకీ యుద్ధం చేయాల్సిన సైనికులు ఈ సాహసాలు ఎందుకు చేస్తారు? దాని వెనక దాదాపు వందేళ్ల కథ ఉంది.

2025 జనవరి 20. ఢిల్లీలోని కర్తవ్యపథ్. ఏడు మోటార్‌సైకిళ్లు పక్కపక్కనే కదిలాయి. వాటి మీద నలభై మంది సైనికులు. కింద వరసలో ఉన్నవాళ్ల భుజాల మీద మరో వరస, వాళ్ల మీద ఇంకో వరస... అలా 20.4 అడుగుల ఎత్తు! అంటే ఇంచుమించు రెండంతస్తుల మేడ. ఆ మేడ విజయ్‌చౌక్ దగ్గర బయల్దేరి రెండు కిలోమీటర్లు నడిచి ఇండియా గేట్ చేరింది. కదిలే మోటార్‌సైకిళ్ల మీద అత్యంత ఎత్తయిన మానవ పిరమిడ్‌గా రికార్డుకెక్కింది. ఆ ఘనత సాధించింది ఆర్మీ సిగ్నల్స్ దళానికి చెందిన 'డేర్ డెవిల్స్' జట్టు.

ఉత్తరాలు మోసిన బండి

సిగ్నల్స్ దళానికీ మోటార్‌సైకిల్‌కీ ఏమిటి సంబంధం? ఈ దళం పని కబురు చేరవేయడం. ఇప్పుడంటే ఉపగ్రహాలున్నాయి కానీ, మొదటి ప్రపంచయుద్ధం నాటికి టెలిఫోన్ తీగ తెగిందంటే సేనాని ఆజ్ఞ ముందున్న సైనికుడికి చేరడం చాలా కష్టం. అప్పుడు ఆదుకున్నది మోటార్‌సైకిలే. గుంతల్లో, బురదలో, గుండ్ల వర్షంలో కాగితాన్ని సంచీలో వేసుకుని దూసుకెళ్లేవాళ్లు 'డిస్పాచ్ రైడర్లు'. ఆ యుద్ధంలో ట్రయంఫ్ కంపెనీ ఒక్కటే మిత్రరాజ్యాల సైన్యాలకు ముప్ఫైవేలకు పైగా మోటార్‌సైకిళ్లు అందించింది.

వాళ్లకు బండి నడపడం వస్తే సరిపోదు. ఒంటిచేత్తో నడపాలి, గంతు దాటించాలి, జారితే నిలదొక్కుకోవాలి. ఆ శిక్షణే మెల్లగా ప్రదర్శనగా మారింది. 1927లో బ్రిటన్‌లోని రాయల్ సిగ్నల్స్ దళం ఓ మోటార్‌సైకిల్ జట్టును తయారుచేసి జనం ముందుకు తెచ్చింది. తర్వాతి రోజుల్లో 'వైట్ హెల్మెట్స్'గా పేరుపడ్డ జట్టు అదే.

ఆ ముచ్చట మన దేశానికి రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1911లో పుట్టిన మన సిగ్నల్స్ దళంలో 1935లో డేర్ డెవిల్స్ మొదలైంది. జబల్‌పూర్‌లోని సిగ్నల్ శిక్షణ కేంద్రం దీని పుట్టిల్లు. పాలకులు మారారు, జెండా మారింది. జట్టు మాత్రం ఆగలేదు. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ ఏర్పడటంతో బుల్లెట్ మన బండే అయిపోయింది. 2025లో సైన్యం చెప్పిన లెక్క ప్రకారం డేర్ డెవిల్స్ ఇచ్చిన ప్రదర్శనలు 1600 పైమాటే. ఖాతాలో ఉన్న రికార్డులు 33.

పడిపోరెందుకు?

చూసేవాళ్లకు అదంతా ధైర్యమే అనిపిస్తుంది. నిజానికి ధైర్యం కన్నా లెక్క ఎక్కువ. రెండు చక్రాల బండి నిలబడేది కదులుతున్నప్పుడే. మరీ నెమ్మదిస్తే తూలుతుంది. అలాగని వేగం పెంచితే పైవాళ్లు ఆగలేరు. అందుకే వేగం ఒకేలా ఉండాలి. ఏడు బళ్ల మీద ఒకే గోపురం కట్టాక ఏ డ్రైవరూ తన ఇష్టం వచ్చినట్టు నడపడానికి వీల్లేదు. ఒక్క బండి జానెడు ముందుకెళ్లినా రెండు బళ్ల మీద చెరో కాలూ వేసి నిలబడ్డవాడి సంగతి అంతే! హఠాత్తుగా బ్రేకు వేయడమూ కుదరదు. బండి ఆగుతుంది కానీ పైనున్నవాళ్లు ఆగరు కదా. మలుపు తిరిగితే బయటివైపు బండి ఎక్కువ దూరం పోవాలి, లోపలివైపు బండి తక్కువ. గోపురానికి తిన్నని రోడ్డే మేలు అనేది అందుకే.

ఎక్కడం ఎంత కష్టమో దిగడమూ అంతే కష్టం. పైవాడు దిగితేగానీ కిందివాడికి విడుదల లేదు. బరువు మోసే కిందివాడు పైవాణ్ని చూడలేడు. పైవాడికి కింద ఏం జరుగుతోందో తెలీదు. ఒకరినొకరు నమ్మడమే దారి. సైన్యానికి కావలసిందీ ఆ నమ్మకమే.

ఒకే బుల్లెట్... 58 మంది

సిగ్నల్స్ వాళ్లను చూసి మిగతావాళ్లు ఊరుకుంటారా! మిలిటరీ పోలీసులకు 'శ్వేత్ అశ్వ్', సరిహద్దు భద్రతా దళానికి 'జాంబాజ్', సైన్యానికి సరుకులు అందించే ఆర్మీ సర్వీస్ కోర్‌కు 'టోర్నడోస్' వచ్చాయి. 1982లో బెంగళూరులో మొదలైన టోర్నడోస్ 2017 నవంబరు 19న యెలహంక వైమానిక స్థావరంలో ఔరా అనిపించింది. ఒకే ఒక్క 500 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్ మీద 58 మంది ఎక్కి 1200 మీటర్లు ప్రయాణించారు. ఓ బస్సుకు సరిపడా జనం!

సరిగ్గా అదే ఏడాది బ్రిటన్‌లో మరో కబురు. తొంభై ఏళ్లు ఆడిన వైట్ హెల్మెట్స్‌ను 2017లో రద్దు చేశారు. కంప్యూటర్లు, సైబర్ యుద్ధాల కాలంలో పాత ట్రయంఫ్ బళ్ల విన్యాసాలు సిగ్నల్స్ దళం ఇప్పుడు చేసే పనికి అద్దం పట్టవని అక్కడి సైన్యం భావించింది. అభిమానులు నొచ్చుకున్నారు. కానీ ఆ వాదనను కొట్టిపారేయలేం. మన సిగ్నల్స్ దళం కూడా కబురు పంపడానికి బుల్లెట్‌ను నమ్ముకుని లేదు. మరి ఈ జట్లు ఎందుకు?

ఆమె ఎక్కాక...

దానికి ఒక జవాబు 2018 గణతంత్ర దినోత్సవాన కనిపించింది. సరిహద్దు భద్రతా దళం మహిళల జట్టు 'సీమా భవాని' తొలిసారి రాజ్‌పథ్ మీదికొచ్చింది. 26 బుల్లెట్లు, 113 మంది. నాయకత్వం వహించింది లద్దాఖ్ అమ్మాయి స్టాన్‌జిన్ నోర్యాంగ్. 2016లో శిక్షణ మొదలైనప్పుడు వారిలో చాలామందికి బుల్లెట్ నడిపిన అనుభవమే లేదు. జాంబాజ్ మగవాళ్లే దగ్గరుండి నేర్పారు.

మరుసటి ఏడాదే డేర్ డెవిల్స్‌లోనూ ఆ తలుపు తెరుచుకుంది. 2019లో కెప్టెన్ శిఖా సురభి కదులుతున్న మోటార్‌సైకిల్ మీద నిలబడి సెల్యూట్ చేశారు. అన్నేళ్లూ మగవాళ్లదే అయిన ఆ జట్టుతో గణతంత్ర కవాతులో పాల్గొన్న తొలి మహిళ ఆమె. 2024లో కేంద్ర సాయుధ దళాలకు చెందిన 265 మంది మహిళలు కలిసి విన్యాసాలు చేశారు. 2025లో కెప్టెన్ డింపుల్ సింగ్ భాటి 12 అడుగుల నిచ్చెనెక్కి, నడుస్తున్న బండి మీది నుంచి రాష్ట్రపతికి సెల్యూట్ చేశారు. ఆ సెల్యూట్ అందుకున్న రాష్ట్రపతీ మహిళే!

ఉత్తరం మోసే పని మోటార్‌సైకిల్‌కి ఎప్పుడో తప్పిపోయింది. అయితేనేం, 'ఇది ఆడపిల్లల పని కాదు' అనేవాళ్లకు చేరాల్సిన కబురు మాత్రం అదింకా మోస్తూనే ఉంది.